బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మాట కలిసేదాకా

విడి సెల్స్ కొని ఇంట్లోనే బ్యాటరీ కట్టుకోవడం గురించి వివరంగా చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ బ్యాటరీలోని బీఎంఎస్‌ను (సెల్స్‌ను కనిపెట్టి కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డును) సోలార్ ఇన్వర్టర్‌తో కలిపే పని దగ్గరకు వచ్చేసరికి మాత్రం "కేబుల్ పెట్టండి, ప్రోటోకాల్ ఎంచుకోండి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ రెండు ముక్కలకు నాకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పట్టింది. అందులో చేతులతో పనిచేసిన గంటలు తక్కువ. జవాబు కోసం, వస్తువుల కోసం, మంచి ఎండ కోసం ఎదురుచూసిన కాలమే ఎక్కువ. ఇదే పనికి దిగబోయేవాళ్ళకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది 280 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 16 వరుసగా కలిపిన బ్యాటరీ. 51.2 వోల్టులు, సుమారు 14 కిలోవాట్ అవర్లు. జనవరిలో కట్టడం పూర్తయింది. అప్పటినుంచీ ఇన్వర్టర్‌ను వోల్టేజీ పద్ధతిలోనే నడిపాను. ఈ పద్ధతిలో ఇన్వర్టర్‌కు బ్యాటరీ లోపల ఏం జరుగుతోందో ఏమీ తెలియదు. తనకు తగిలించిన రెండు లావు కేబుళ్ళ మధ్య ఎన్ని వోల్టులున్నాయో చూసుకుంటుంది. 56 వచ్చేదాకా నింపుతుంది, 48కి పడిపోతే వాడకం ఆపుతుంది. కొన్ని వారాలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఫిబ్రవరి రెండో వారంలో, మబ్బు తునక కూడా లేని ఒక మధ్యాహ్నం, ఇంట్లో అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇన్వర్టర్ తెర మీద బ్యాటరీ వోల్టేజీ మితిమీరిందన్న హెచ్చరిక. బ్యాటరీ దగ్గరకు పరిగెత్తి మల్టీమీటర్ పెడితే 55.7 వోల్టులు. మితిమీరడం మాట అటుంచి, 56 కూడా లేదు. బీఎంఎస్ యాప్ తెరిచి సెల్స్ జాబితా చూశాకే అర్థమైంది. పదిహేను సెల్స్ 3.47 దగ్గర ఉన్నాయి, పదకొండోది ఒక్కటే 3.65 చేరింది. ఆ గీత తాకగానే బీఎంఎస్ తన పని తాను చేసింది, ఛార్జింగ్ దారి మూసేసింది. ఇన్వర్టర్ మాత్రం ప్యానెళ్ళ నుంచి వచ్చేదాన్ని ఇంకా తోస్తూనే ఉంది. తోసిన కరెంటుకు పోయే చోటు లేక ఇన్వర్టర్ వైపు వోల్టేజీ ఎగిసింది, అది భయపడి మొత్తం ఆపేసింది.

అంటే రెండు యంత్రాలూ వాటి వాటి నియమం ప్రకారం సరిగానే నడుచుకున్నాయి. "కాస్త నెమ్మదించు, ఒక సెల్ నిండిపోవచ్చింది" అని ఒకటి రెండోదానికి చెప్పే దారి లేకపోవడమే లోటు. బీఎంఎస్ చేతిలోని స్విచ్ చిట్టచివరి రక్షణ. అది రోజూ వాడాల్సిన వస్తువు కాదని ఆ మధ్యాహ్నం నాకు బాగా తెలిసివచ్చింది. నిండు ఎండలో వంద ఆంపియర్లు ప్రవహిస్తుండగా దారి తెగడం ఇన్వర్టర్‌కు మంచిది కాదు, బీఎంఎస్‌లో స్విచ్‌ల్లా పనిచేసే మాస్‌ఫెట్లకూ మంచిది కాదు. ఆ రాత్రే ఛార్జింగ్ హద్దును 55.2 వోల్టులకు తగ్గించాను. మర్నాడు అమ్మిన సంస్థకు ఉత్తరం రాశాను: నా బీఎంఎస్‌లో క్యాన్ సాకెట్ పిన్నులు ఏవి, ఏ ప్రోటోకాల్ పెట్టాలి? క్యాన్ అంటే రెండు తీగల మీద యంత్రాలు సందేశాలు పంపుకునే పద్ధతి, ప్రోటోకాల్ అంటే ఆ సందేశాల భాష.

వారం దాటాక జవాబు వచ్చింది. దాంతోపాటు ఒక బొమ్మ. అది నా మోడల్‌ది కాదు. మళ్ళీ రాశాను. ఈసారి వచ్చిన బొమ్మలో మోడల్ సరిపోయింది, కానీ సాకెట్‌ను ముందునుంచి చూసి గీశారా, కేబుల్ కొనవైపు నుంచి చూసి గీశారా అన్నది ఎక్కడా లేదు. ఆర్‌జే45 సాకెట్‌లో పిన్నులు ఎనిమిది. ఏ వైపు నుంచి లెక్కపెడుతున్నామో తెలియకపోతే 4, 5 పిన్నులు తారుమారవుతాయి, 1, 2 పోయి 8, 7 అవుతాయి. మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కు వాడేదీ ఇదే సాకెట్ కావడంతో పని తేలికనిపిస్తుంది గానీ, లోపల తీగలకు ఎవరి ఏర్పాటు వాళ్ళది. నా ఇన్వర్టర్‌లో బ్యాటరీ సాకెట్ ఒకటే. ఆర్‌ఎస్‌485 (సందేశాలు పంపుకునే మరో పద్ధతి) ఒక జతలో, క్యాన్ 4, 5 పిన్నుల్లో ఉన్నాయి. విక్ట్రాన్ సంస్థ పరికరాల క్యాన్ సాకెట్లలో అయితే 7, 8. నా బీఎంఎస్‌లో ఆర్‌ఎస్‌485కూ క్యాన్‌కూ వేరువేరు సాకెట్లు, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. పైగా ఇన్వర్టర్ మీద మీటర్ సాకెట్, రెండో ఇన్వర్టర్‌ను కలిపే సాకెట్ కూడా అదే ఆకారం. వాటన్నిటి పక్కనా ముందే పేర్లు రాసి అతికించుకున్నాను.

బొమ్మ తేల్చని సంగతిని మల్టీమీటర్ తేల్చింది. క్యాన్ లైనుకు రెండు కొనల్లోనూ 120 ఓంల రెసిస్టర్ ఉండాలి. రెండు పరికరాలనూ పూర్తిగా ఆపి, సాకెట్‌లో పెట్టిన తుంపు కేబుల్ తీగలను జతలు జతలుగా కొలుచుకుంటూ పోయాను. ఇన్వర్టర్ వైపు నీలం జత దగ్గర 120 చూపించింది, బీఎంఎస్ వైపు కూడా నీలం జతలోనే 120. మామూలు నెట్‌వర్క్ కేబుల్‌లో 4, 5 పిన్నులకు వెళ్ళేది ఆ నీలం జతే. రెండూ కలిపాక మధ్యలో కొలిస్తే 60 ఓంలు రావాలి, వచ్చింది. పరికరాలు నడుస్తున్నప్పుడు ఈ కొలత తీయకూడదు, తీసినా ఆ అంకెకు అర్థం ఉండదు. 120 రాకపోతే ఆ కొనలో రెసిస్టర్ లేదనో, స్విచ్‌తో వేసుకోవాల్సినదనో అనుకోవాలి.

కేబుల్ నేనే చేసుకున్నాను. ఎనిమిది తీగలూ కలిపితే అవతల ఏ పిన్ను దేనికి తగులుతుందో తెలియదు కాబట్టి నీలం జతనే ఉంచి మిగతావి కత్తిరించాను. క్యాన్ అడాప్టర్, క్రింపింగ్ పనిముట్టు, కొన్ని ఆర్‌జే45 కొనలు, తర్వాత కొన్న లోహపు తొడుగు కేబుల్ అన్నీ కలిపినా బ్యాటరీకి పెట్టినదానిలో నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించలేదు. ఖర్చుకు భయపడి ఈ పని వాయిదా వేయాల్సిన అవసరం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మార్చి మొదటి ఆదివారం కలిపి చూశాను. యాప్‌లో ప్రోటోకాల్‌ను పైలాన్‌టెక్ అనే బ్యాటరీ సంస్థదిగా ఎంచుకున్నాను. చాలా ఇన్వర్టర్లు అర్థం చేసుకునేది అదే, సొంతంగా కట్టిన బ్యాటరీలకు దాదాపు అదే ఉమ్మడి భాష. ఇన్వర్టర్ మెనూలో బ్యాటరీ రకం లిథియం అని మార్చాను. బ్యాటరీ పేజీలో అన్నీ సున్నాలు. కాసేపటికి సంబంధం తెగిందన్న హెచ్చరిక. కేబుల్ తీసి పెట్టినా, ఇన్వర్టర్‌ను తిరిగి మొదలుపెట్టినా అదే.

ఇక్కడ చాలామంది కేబుల్ మార్చడం, పిన్నులు తిప్పడం మొదలుపెడతారు. తీగల కొలతలు సరిగా ఉన్నప్పుడు వాటిని కదిలించడంలో అర్థం లేదని నేను అనుకున్నాను. బీఎంఎస్ అసలు ఏం మాట్లాడుతోందో వినాలి. యూఎస్‌బీ క్యాన్ అడాప్టర్ తెప్పించుకున్నాను, అది వచ్చేసరికి మరో వారం గడిచింది. ఆ అడాప్టర్‌లో యూఎస్‌బీ వైపునూ క్యాన్ వైపునూ విద్యుత్ పరంగా విడదీసే ఏర్పాటు లేదు. అందుకే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి, దాని సొంత బ్యాటరీ మీదే నడిపాను. ఇది మరువకండి. ఛార్జర్ గుండా ఇంటి ఎర్త్‌కూ, అడాప్టర్ గుండా బ్యాటరీకీ మధ్య అక్కర్లేని దారి ఏర్పడితే పోయేది అడాప్టర్ ఒక్కటే కాకపోవచ్చు.

వేగం సెకనుకు 500 కిలోబిట్లు పెట్టి, ఇన్వర్టర్‌ను విడదీసి, బీఎంఎస్‌ను ఒక్కదాన్నే విన్నాను. ఒకే సందేశం వరదలా వచ్చిపడింది, రెండోది లేదు. కారణం వెతికితే తేలింది: క్యాన్‌లో సందేశం పంపినవాడికి వినేవాళ్ళలో ఎవరో ఒకరు "అందింది" అని సూచన ఇవ్వాలి. అడాప్టర్ వినడం మాత్రమే చేసే మోడ్‌లో ఉంటే ఆ సూచన ఇవ్వదు. జవాబు రాక బీఎంఎస్ మొదటి సందేశాన్నే పట్టుకుని కూర్చుంది. అడాప్టర్‌ను మామూలు మోడ్‌లోకి మార్చగానే మిగతా సందేశాలు సెకనుకోసారి వరుసగా రావడం మొదలైంది. కానీ పైలాన్‌టెక్ ప్రోటోకాల్‌లో రావాల్సిన సంఖ్యలు అవి కావు. హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) 351, 355, 356, 359 ఉండాలి. నాకు కనిపిస్తున్నవి వేరే పొడవైన సంఖ్యలు. యాప్‌లో పైలాన్‌టెక్ అని ఉంది, బీఎంఎస్ మాట్లాడుతున్నది దాని పాత భాష.

తేడా ఎక్కడుందో గ్రహించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. యాప్‌లో మార్పు భద్రమవుతుంది గానీ, బీఎంఎస్ పూర్తిగా ఆరి మళ్ళీ వెలిగినప్పుడే అమల్లోకి వస్తుంది. ఈ ముక్క నాకు పంపిన కాగితాల్లో ఎక్కడా లేదు. యాప్‌లో ఉండే రీస్టార్ట్ మీట చాలదు. బ్యాటరీ బ్రేకర్ దించి, ఛార్జింగ్ వైపు నుంచి కూడా వోల్టేజీ రాకుండా చేసి, బీఎంఎస్‌ను దాని మీటతో ఆపాలి. అంటే ఇల్లంతా ఆపాలి. ముందు ప్యానెళ్ళ బ్రేకర్, తర్వాత ఇంటి లోడు, చివరికి బ్యాటరీ. తిరిగి వేసేటప్పుడు ముందు బ్యాటరీ, చివరికి ప్యానెళ్ళు. మధ్యలో అమ్మ వచ్చి "ఇంకెంతసేపు పడుతుంది నాన్నా?" అని అడిగింది. పది నిమిషాలన్నాను, నలభై పట్టింది. చీకట్లో తొందరపడి చేసే పని కాదది. ఈ సైజు సెల్స్ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి. ఉంగరం, గడియారం తీసి, పానా పిడికి టేపు చుట్టి, ఒక్కో బిగింపూ చూసుకుంటూ చేశాను. బ్యాటరీకి అంత కరెంటునూ తెంచగల క్లాస్ టీ ఫ్యూజు పెట్టి ఉంది కాబట్టే ఆ మాత్రం ధైర్యం.

బ్రేకర్ తిరిగి వేసే ముందు ఇంకో జాగ్రత్త. ఇన్వర్టర్ లోపలి పెద్ద కెపాసిటర్లు అప్పటికి ఖాళీ అయి ఉంటాయి. వాటికి నేరుగా 53 వోల్టులు తగిలిస్తే నిప్పురవ్వ లేస్తుంది, బీఎంఎస్ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని మూసుకుపోతుంది. అందుకని 50 ఓంల పెద్ద రెసిస్టర్ గుండా కొన్ని సెకన్లు నింపి, ఇన్వర్టర్ వైపు వోల్టేజీ బ్యాటరీకి దగ్గరకు వచ్చిందని మీటర్‌లో చూశాకే బ్రేకర్ వేశాను.

ఈసారి ల్యాప్‌టాప్‌లో 351 వచ్చింది. మొదటి రెండు బైట్లు 30, 02. వెనకనుంచి చదివితే 0230, దశాంశంలో 560, అంటే 56.0 వోల్టులు. "నన్ను 56 దాకా నింపు" అని నా బ్యాటరీ అడుగుతోంది. ఆ తర్వాతి బైట్లలో ఎంత కరెంటు తీసుకోగలదో, ఎంత ఇవ్వగలదో, ఎక్కడ ఆపాలో. 35ఇ సందేశంలో తయారీదారు పేరు అక్షరాలుగా వస్తుంది. నా చేతులతో కట్టిన బ్యాటరీ అక్కడ పైలాన్ అని చెప్పుకుంటోంది. ఇన్వర్టర్‌ను కలిపాను. కొద్దిసేపటికి 305 సంఖ్యతో కొత్త సందేశం కనిపించింది, అది ఇన్వర్టర్ వైపు నుంచి వచ్చే జవాబు. బ్యాటరీ పేజీలో సున్నాల చోట 71 శాతం, 53.1 వోల్టులు, 24 డిగ్రీలు. ఆ మూడు అంకెలనూ చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇంత సంతోషం బ్యాటరీ మొదటిసారి వెలిగినప్పుడు కూడా కలగలేదు.

పని అక్కడితో అయిపోయిందనుకునేవాళ్ళ కోసమే తర్వాతి భాగం. వెలిగిన మూడో నాటికే సంబంధం అప్పుడప్పుడు తెగడం మొదలైంది. హెచ్చరికల చిట్టాలో సమయాలు చూస్తే అన్నీ నీటి మోటారు మొదలయ్యే వేళలు. గోడ వెంట ఉన్న గొట్టం ఒకటే కావడంతో సందేశాల కేబుల్ కూడా లావు డీసీ కేబుళ్ళతో కలిసే వెళ్తోంది. మోటారు లాగే కరెంటు ఎగిసిన ప్రతిసారీ సన్న తీగలో అలజడి. తొడుగు ఉన్న కేబుల్ తెప్పించి, లావు కేబుళ్ళకు జానెడు పైగా ఎడంగా వేరే దారిలో లాగి, దాటక తప్పని ఒక్కచోట అడ్డంగా దాటించాను. తొడుగును ఒక కొనలోనే ఎర్త్‌కు కలిపాను. అప్పటినుంచీ ఆ హెచ్చరిక రాలేదు.

రెండో ఇబ్బంది శాతం అంకె. బీఎంఎస్ షంట్ (కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్) గుండా పోయే కరెంటును కూడుకుంటూ, తీసేసుకుంటూ శాతం లెక్కకడుతుంది. ఈ రకం సెల్స్‌లో మధ్య భాగమంతా వోల్టేజీ దాదాపు సమానంగా ఉంటుంది, వోల్టేజీ చూసి శాతం చెప్పలేం. కాబట్టి లెక్కే ఆధారం. కానీ రాత్రిపూట పోయే చిన్న కరెంటును షంట్ సరిగా పట్టలేదు. రోజులు గడిచేకొద్దీ తెర మీది శాతం అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. బ్యాటరీ పూర్తిగా నిండిన ప్రతిసారీ బీఎంఎస్ ఆ లెక్కను 100కు సరిచేసుకుంటుంది. నా విషయంలో సరిచేసుకోవడం లేదు. పదకొండో సెల్ గొడవ మళ్ళీ రాకూడదని, కలిపాక నింపే హద్దును బీఎంఎస్‌లో కూడా సెల్‌కు 3.45 చొప్పున 55.2 చేశాను. "నిండింది" అని గుర్తించే హద్దు మాత్రం విడిగా మరో పేజీలో 3.5 దగ్గరే ఉంది. ఆ ఎత్తుకు ఎప్పటికీ చేరదు, 100 ఎప్పటికీ రాదు. దాన్ని 3.44కు దించాక మొదటి ఎండ రోజునే సరిపోయింది. ఈ రెండు హద్దులూ పొంతనగా ఉన్నాయో లేదో మొదటి రోజే చూసుకోండి.

మూడోది పరీక్ష. కేబుల్ ఊడిపోతే ఏమవుతుందో ఊహించుకుంటూ ఉండటం నాకిష్టం లేదు. ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం, ఎండ తగ్గి లోడు తక్కువగా ఉన్నప్పుడు, కావాలనే కేబుల్ లాగేశాను. ఇన్వర్టర్ వెంటనే ఏమీ చేయలేదు. పాత అంకెలనే చూపిస్తూ కొద్దిసేపు ఆగి, అప్పుడు హెచ్చరిక ఇచ్చింది. ఆ తర్వాత ఏం చేయాలన్నది మెనూలో మన ఎంపిక: బ్యాటరీని వాడటం ఆపేయడమా, పాత వోల్టేజీ హద్దుల మీద కొనసాగడమా. నేను ఆపేయడాన్నే ఎంచుకున్నాను. ఇల్లు కాసేపు చీకటైనా ఫరవాలేదు, లోపల ఏముందో తెలియకుండా నింపడం వద్దు. ఇంట్లో ఆగకూడని వైద్య పరికరం లాంటిది ఉన్నవాళ్ళు ఇంకోలా నిర్ణయించుకోవచ్చు. అలా కొనసాగించేవాళ్ళు మాత్రం ఆ పాత హద్దులు ఎంత ఉన్నాయో తెరిచి చూడాలి. నాకు లిథియం అని మార్చగానే ఆ పేజీ కనపడకుండా పోయింది, అందులోని అంకెలు మాత్రం లోపల అలాగే ఉన్నాయి.

ఇక పదకొండో సెల్. బీఎంఎస్‌లో ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రాం) కొత్తది వేశాక, ఏ ఒక్క సెల్ పైకి పోతున్నా బీఎంఎస్ తాను అడిగే కరెంటును తగ్గిస్తోంది. ఏప్రిల్ మధ్యలో నిండు ఎండ ఉన్న రోజున ఎదురుగా కూర్చుని చూశాను. 100 ఆంపియర్లు అడుగుతున్నది పదకొండోది 3.45 దాటగానే 60కి, తర్వాత 25కి, చివరికి 5కి వచ్చింది. ప్రతి మార్పుకూ ఇన్వర్టర్ ఒకటి రెండు సెకన్లలో తగ్గుతూ వచ్చింది. ఆ చిన్న కరెంటు దగ్గర సెల్స్‌ను సమం చేసే బ్యాలెన్సర్‌కు తీరిక దొరికి, సెల్స్ మధ్య తేడా వారం గడిచేసరికి 180 మిల్లీవోల్టుల నుంచి 20 లోపుకు దిగింది. ఆ సెల్ చెడిపోయిందేమోనని మార్చడానికి సిద్ధపడ్డాను. దానికి కావలసింది కాస్త నెమ్మదిగా నింపడం.

రెండో బ్యాటరీకి సెల్స్ వచ్చి ఉన్నాయి. రెండు బీఎంఎస్‌లకూ స్విచ్‌లతో వేరువేరు అడ్రసులు పెట్టి, ఆర్‌ఎస్‌485తో కలిపితే మొదటిది రెండింటి లెక్కనూ కూడి ఇన్వర్టర్‌కు చెప్పాలి. రెండింటిలోనూ ఒకే ఫర్మ్‌వేర్ ఉండాలట. ఆ ఫైలు పంపమని మళ్ళీ ఉత్తరం రాశాను, జవాబు ఇంకా రాలేదు.